మయోనైజ్‌కు బదులు ఏం వాడాలి, ఏ వంటలో ఎలా వాడాలి

ఒక టేబుల్‌స్పూను మయోనైజ్‌లో సుమారు 11 గ్రాముల కొవ్వు, దాదాపు 100 కేలరీలు ఉంటాయి. బ్రెడ్డుకు రాసేటప్పుడు గానీ సలాడ్‌లో కలిపేటప్పుడు గానీ ఎవరూ ఒక్క స్పూనుతో ఆగరు. నలుగురికి చేసే బంగాళదుంప సలాడ్‌లో ఒక కప్పు పడుతుంది. ఆ కప్పులో ముప్పావు కప్పుకు పైగా నూనే ఉంటుంది.

అలాగని మయోనైజ్ విషమేమీ కాదు. అందులోని నూనె ఎక్కువగా సోయా, పొద్దుతిరుగుడు, కనోలా వంటి గింజలది, కాబట్టి సంతృప్త కొవ్వు తక్కువే. ఇబ్బంది మోతాదుతో వస్తుంది. అందుకే దాని స్థానంలో క్రీమో, వెన్నో, క్రీమ్ చీజో వేస్తే మేలు జరగదు. కేలరీలు కొంత తగ్గినా సంతృప్త కొవ్వు పెరుగుతుంది.

ప్రత్యామ్నాయాలు ప్రయత్నించి రుచి లేదని మానేసినవాళ్లలో చాలామంది ఒకటే చేస్తారు. మయోనైజ్ ఎంత వేయాలో అంత పెరుగు తీసుకుని కలిపేస్తారు. సలాడ్ నీళ్లోడుతుంది, శాండ్‌విచ్ నానిపోతుంది, కేకు రబ్బరులా సాగుతుంది. మయోనైజ్ ఒక్కో వంటలో ఒక్కో పని చేస్తుంది. ఒకచోట ముక్కల్ని పట్టి ఉంచుతుంది, ఇంకోచోట బ్రెడ్డుకు తడి తగలకుండా అడ్డుపడుతుంది, మరోచోట పైపొర ఎర్రగా వేగడానికి నూనె అందిస్తుంది. మీ వంటలో అది ఏ పని చేస్తోందో చూసి, ఆ పని చేయగల దాన్నే దాని స్థానంలో పెట్టాలి. ఇంకో సంగతి: నూనె పూర్తిగా తీసేయొద్దు. రెండు టీస్పూన్లయినా ఉంటే నోటికి జారుగా ఉంటుంది, వాసనలు నిలుస్తాయి. పైగా క్యారెట్, ఆకుకూరల్లోని కెరోటినాయిడ్లనే పోషకాలను ఒంటికి పట్టించేది ఆ కాస్త కొవ్వే.

కింద చెప్పిన కొలతల్లో టీస్పూను అంటే 5 మి.లీ., టేబుల్‌స్పూను అంటే 15 మి.లీ., కప్పు అంటే 240 మి.లీ.

గట్టి పెరుగుతో

అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఇదే. కావలసినవి: తాజా పెరుగు 500 గ్రాములు, మస్టర్డ్ పేస్టు 1 టీస్పూను, నిమ్మరసం లేదా వెనిగర్ 1 టీస్పూను, ఉప్పు పావు టీస్పూను, చక్కెర పావు టీస్పూను, వాసన లేని నూనె 2 టీస్పూన్లు.

జల్లెడలో పల్చటి నూలు గుడ్డ రెండు మడతలు పరిచి, పెరుగు పోసి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. 4 నుంచి 6 గంటల్లో సగానికి సగం తేట దిగిపోయి సుమారు 250 గ్రాముల ముద్ద మిగులుతుంది. స్పూనుతో తీసి తిరగేస్తే జారిపడకుండా అంటుకుని ఉండాలి. జారితే ఇంకో గంట ఆగాలి. గుడ్డను చేత్తో పిండి తొందరపెడితే పెరుగు కూడా గుడ్డ కళ్లలోంచి బయటికొచ్చేస్తుంది, మిగిలింది గరుకుగా ఉంటుంది. వంటగట్టు మీద పెట్టి వడకడితే ఆ గంటల్లోనే పులుస్తుంది. అందుకే ఫ్రిజ్.

తర్వాత ఒక గిన్నెలో ముందు మస్టర్డ్, ఉప్పు, చక్కెర, నిమ్మరసం, నూనె కలిపి, అందులో పెరుగు ముద్ద వేసి విస్క్‌తోనో ఫోర్కుతోనో మెత్తగా కలపండి. మిక్సీలో వేయకండి. పెరుగును గట్టిగా నిలబెట్టేది పాల ప్రొటీన్ల అల్లిక. మిక్సీ బ్లేడు దాన్ని తెంపేస్తుంది. నిమిషంలో మజ్జిగలా పలచబడిన పెరుగు ఫ్రిజ్‌లో ఎంతసేపు పెట్టినా మునుపటిలా చిక్కబడదు.

ఇలా చేసినదాంట్లో కొవ్వు 9 శాతం చుట్టుపక్కల ఉంటుంది. టేబుల్‌స్పూనుకు 20 కేలరీల లోపే. వెన్న తీసిన పాల పెరుగుతో చేస్తే ఇంకా తగ్గుతుంది గానీ, ఆ పెరుగు నాలుకకు కాస్త పిండిలా తగులుతుంది. పూర్తి పాల పెరుగు వాడి, నూనె ఒక టీస్పూనుకు తగ్గించడమే మెరుగు. గ్రీక్ యోగర్ట్ దొరికితే వడకట్టే పని లేదు. కాకపోతే డబ్బా మీద తీపి, వెనిలా వంటివి లేవని చూసుకోండి. ‘గ్రీక్ తరహా’ అని రాసినవాటిలో కొన్నిటిని వడకట్టరు, పిండి పదార్థాలు వేసి చిక్కబరుస్తారు. పదార్థాల జాబితాలో పాలు, తోడు కాకుండా స్టార్చ్, జెలటిన్ కనిపిస్తే అది అలాంటిదే.

పుల్లగా ఉందనిపిస్తే నిమ్మరసం వేయకుండా చక్కెర మరో పావు టీస్పూను వేయండి. పెరుగే పుల్లదైతే ఏం చేసినా పెద్దగా లాభం ఉండదు, మొదట్లోనే తాజాది తీసుకోవాలి. ఫ్రిజ్‌లో 4 రోజులు నిలవ ఉంటుంది. పైన కాస్త తేట చేరితే ఒంపేసి మళ్లీ కలుపుకోవచ్చు.

ఉడికించిన బేస్

రుచిలో మయోనైజ్‌కు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఇది. పచ్చిగుడ్డు భయం కూడా ఉండదు. ఇంట్లో చేసే మయోనైజ్‌లో గుడ్డు పచ్చిగానే పడుతుంది కాబట్టి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకే అవకాశం ఉంది. చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవయసువాళ్లు ఉన్న ఇళ్లలో పచ్చిగుడ్డు మయోనైజ్ అసలు వద్దు.

కార్న్‌ఫ్లోర్ ఒకటిన్నర టేబుల్‌స్పూను, నీళ్లు 180 మి.లీ., గుడ్డు 1, చక్కెర 1 టీస్పూను, ఉప్పు అర టీస్పూను, మస్టర్డ్ పేస్టు 1 టీస్పూను, వెనిగర్ 2 టేబుల్‌స్పూన్లు, నూనె 3 టేబుల్‌స్పూన్లు.

అడుగు మందంగా ఉన్న చిన్న గిన్నెలో కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. గుడ్డు కొట్టి పోసి, చక్కెర, ఉప్పు వేసి, తెల్లసొన తీగలు కనబడకుండా గిలక్కొట్టండి. అప్పుడు పొయ్యి మీద పెట్టి, సన్నటి మంటకు కొంచెం ఎక్కువ సెగ మీద, అడుగు గీరుతూ కలుపుతూనే ఉండండి. మొదటి మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా చిక్కబడుతుంది. చిక్కబడగానే దించేయాలనిపిస్తుంది, దించకండి. బుడగలు వచ్చి ‘బుడుక్ బుడుక్’మనే దాకా ఆగి, మరో నిమిషం కలపండి. పచ్చసొనలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఉడుకు పట్టకపోతే అది బతికే ఉండి పిండి పదార్థాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. రాత్రి చిక్కగా ఉన్నది తెల్లారేసరికి నీళ్లయిందంటే కారణం ఇదే. గుడ్డు విరుగుతుందేమో అన్న భయం ఇక్కడ అక్కర్లేదు, కార్న్‌ఫ్లోర్ ఉన్నంతవరకు గుడ్డు అంత తేలిగ్గా తునకలు కట్టదు.

దించాక మస్టర్డ్, వెనిగర్ కలపండి. వెనిగర్ ముందే పోసి ఉడికిస్తే ఆ పులుపు పిండిని విరగ్గొడుతుంది, మిశ్రమం సరిగ్గా చిక్కబడదు. గోరువెచ్చగా అయ్యాక నూనెను సన్నటి ధారగా పోస్తూ విస్క్‌తో గిలక్కొట్టండి, లేదా హ్యాండ్ బ్లెండర్‌తో అర నిమిషం తిప్పండి. మరీ వేడి మీద నూనె పోస్తే సరిగా కలవక పైన తేలుతుంది. వేడిగా ఉన్నప్పుడు ఇది కాస్త జారుగానే కనిపిస్తుంది, ఫ్రిజ్‌లో రెండు గంటలుంటే గట్టిపడుతుంది. చివరికి గట్టిగా గడ్డకట్టినట్టయితే ఒక టేబుల్‌స్పూను నీళ్లు పోసి మళ్లీ తిప్పితే సరి.

సుమారు 300 గ్రాములు వస్తుంది. కొవ్వు 15 శాతం. టేబుల్‌స్పూనుకు 25 కేలరీలు. 5 రోజులు ఫ్రిజ్‌లో ఉంటుంది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి, కరిగాక స్పాంజిలా మారి నీరు వదులుతుంది.

మెత్తటి టోఫూతో

పాలు, గుడ్డు రెండూ వద్దనుకునేవాళ్లకు ఇది తగినది. టోఫూ అంటే సోయా పాలతో చేసే పనీర్ లాంటిది. అందులో సిల్కెన్ టోఫూ అని అమ్మే మెత్తటి రకమే కావాలి. వంటల్లో ముక్కలుగా వేసుకునే గట్టి రకం ఎంత తిప్పినా ఇసుకలా తగులుతుంది. టోఫూ 300 గ్రాములు, నిమ్మరసం 1 టేబుల్‌స్పూను, మస్టర్డ్ 1 టీస్పూను, ఉప్పు అర టీస్పూను, నూనె 1 టేబుల్‌స్పూను మిక్సీలో వేసి ఒక నిమిషం తిప్పండి. పెరుగులా కాదు, దీన్ని ఎంత తిప్పితే అంత నునుపు. పచ్చి సోయా వాసన నచ్చకపోతే టోఫూను ముందుగా మరిగే నీళ్లలో 2 నిమిషాలు ఉంచి, నీరు ఓడ్చి, చల్లార్చి వాడండి. నల్ల ఉప్పు చిటికెడు వేస్తే అందులోని గంధకం వల్ల గుడ్డు వాసన వస్తుంది. అది వేసినప్పుడు మామూలు ఉప్పు కొంచెం తగ్గించుకోవాలి. సోయా పడనివాళ్లు ఉంటే ఈ దారి వదిలేయండి.

ఉడికిన గింజలతో

శాండ్‌విచ్‌లకు, ర్యాప్‌లకు, కూరగాయ ముక్కలు ముంచుకుని తినడానికి తెల్ల బీన్స్ గింజలు లేదా కాబూలీ శనగల ముద్ద బాగుంటుంది. ఉడికిన గింజలు 250 గ్రాములు, ఉడికిన నీళ్లు 3 టేబుల్‌స్పూన్లు, నిమ్మరసం 1 టేబుల్‌స్పూను, మస్టర్డ్ 1 టీస్పూను, నూనె 1 టేబుల్‌స్పూను, ఉప్పు తగినంత. గింజలు వేడిగా ఉన్నప్పుడే మిక్సీలో వేయాలి. చల్లారితే లోపలి పిండి బిగుసుకుని ముద్ద గరుకుగా వస్తుంది. నానబెట్టిన గింజల్ని ఉడికించేటప్పుడు పావు టీస్పూను వంటసోడా వేస్తే తొక్కలు మెత్తబడి నలిగిపోతాయి. అంతకన్నా ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది.

రాజ్మా జాతి గింజలు, తెల్లవైనా సరే, రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించాలి. తర్వాతే మంట తగ్గించి మెత్తగా ఉడికించాలి. వాటిలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది, సరిగా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు అవుతాయి. సన్నసెగ మీద గంటలకొద్దీ ఉడికించే స్లో కుక్కర్‌లో నేరుగా వేయడం ఈ గింజలకు సరిపడదు. డబ్బాల్లో వచ్చేవి ముందే ఉడికినవి, వాటికి ఈ బెడద లేదు. ఉప్పు నీళ్లు మాత్రం కడిగేయండి.

ఈ ముద్దలో కొవ్వు 5, 6 శాతమే, పీచు, ప్రొటీను బాగా ఉంటాయి. కోల్‌స్లా వంటి సలాడ్‌లకు మాత్రం వాడకండి, కూరగాయల మీద మట్టిలా అంటుకుంటుంది.

అవకాడో గురించి క్లుప్తంగా

100 గ్రాముల అవకాడోలో 160 కేలరీలు, 15 గ్రాముల కొవ్వు ఉంటాయి. మయోనైజ్‌తో పోలిస్తే పావు వంతు కన్నా తక్కువే. పైగా దాదాపు 7 గ్రాముల పీచు. ఒక పండు గుజ్జులో ఒక టేబుల్‌స్పూను నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి మెదిపితే బ్రెడ్డుకు రాయడానికి చాలు. గాలి తగిలితే నల్లబడుతుంది కాబట్టి ప్లాస్టిక్ కాగితాన్ని గుజ్జు పైకే ఆనించి నొక్కి మూయాలి. గింజ అందులో వేసి ఉంచితే నల్లబడదని చెబుతారు గానీ, గింజ కింద గాలి తగలని చోట తప్ప మిగతాదంతా మామూలుగానే నల్లబడుతుంది. చేసిన రోజే తినేయండి. ఓవెన్‌లో పెట్టే వంటల్లో వాడితే చేదెక్కుతుంది.

సగం సగం

ఇంట్లో ఎవరూ మార్పు ఒప్పుకోకపోతే ఇదే మొదలుపెట్టండి. ఒక వంతు మయోనైజ్, ఒక వంతు గట్టి పెరుగు కలిపితే కొవ్వు 75 శాతం నుంచి 40 శాతానికి వస్తుంది. రుచిలో తేడా పట్టుకోవడం కష్టం. కొన్నాళ్లకు ఒకటికి రెండు చేయండి, 30 శాతం లోపు వస్తుంది. పుల్లదనం నాలుకకు తెలిసేది అక్కడినుంచే. అప్పుడు చిటికెడు చక్కెర వేస్తే సర్దుకుంటుంది.

ఇక వంటల సంగతి

కోల్‌స్లా: ఇక్కడ శత్రువు నీరు. 500 గ్రాముల క్యాబేజీ సన్నగా తరిగి, 1 టీస్పూను ఉప్పు కలిపి, జల్లెడలో 30 నిమిషాలు వదిలేయండి. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. పిండాక తరుగు మెత్తబడి కుప్ప చిన్నదవుతుంది, నమిలితే మాత్రం కరకరలాడుతూనే ఉంటుంది. ఒకసారి రుచి చూడండి. ఉప్పగా ఉంటే చల్లటి నీళ్లలో కడిగి మళ్లీ పిండాలి. ఆ తర్వాతే క్యారెట్ తురుము, అర కప్పు పెరుగు డ్రెస్సింగ్ (పైన చెప్పినట్టు మస్టర్డ్ కలిపి చేసుకున్న గట్టి పెరుగు), వెనిగర్ 2 టీస్పూన్లు, చక్కెర 1 టీస్పూను కలపండి. మళ్లీ ఉప్పు వేయొద్దు. మయోనైజ్‌లోని నూనె ముక్కలకు పూతలా పట్టుకుని, ఊరిన నీటిని కొంతవరకు కప్పిపుచ్చుతుంది. పెరుగుకు ఆ శక్తి లేదు. అందుకే నీరు ముందే తీసేయాలి. కీర దోసకు కూడా ఇదే పద్ధతి, గింజల భాగం స్పూనుతో గీకేసి మరీ.

బంగాళదుంప సలాడ్: కిలో దుంపలకు ఒక కప్పు డ్రెస్సింగ్. ఉడికాక చెదిరిపోని రకం దుంపలు తీసుకుని, చల్లటి ఉప్పు నీళ్లలో వేసి పొయ్యి ఎక్కించండి. మరిగే నీళ్లలో వేస్తే పైన చిట్లిపోయి లోపల గట్టిగా ఉంటాయి. ఉడకగానే నీరు వార్చి, ముక్కలు ఆవిర్లు కక్కుతుండగానే 2 లేదా 3 టేబుల్‌స్పూన్ల వెనిగర్ చిలకరించండి. వేడి దుంప పులుపును లోపలికి పీల్చుకుంటుంది, చల్లారిన దుంప పీల్చదు. అరగంట ఆరనిచ్చి, చేతికి వెచ్చదనం తగలనప్పుడు మాత్రమే డ్రెస్సింగ్ కలపాలి. వేడి మీద కలిపితే పెరుగు పలచబడుతుంది, దుంపలోని పిండి జిగురెక్కుతుంది. ఉడికించిన బేస్ ఈ సలాడ్‌కు పెరుగుకన్నా బాగుంటుంది. పావు వంతు డ్రెస్సింగ్ పక్కనపెట్టి వడ్డించే ముందు కలపండి. దుంపలు ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ తడిని పీల్చుకుంటూనే ఉంటాయి.

ఉడికించిన గుడ్ల సలాడ్: ఇక్కడ ఒక సులువు ఉంది. 4 గుడ్లు గట్టిగా ఉడికించి, ఒక పచ్చసొన పక్కకు తీయండి. దాన్ని 1 టీస్పూను మస్టర్డ్, 3 టేబుల్‌స్పూన్ల గట్టి పెరుగుతో కలిపి, స్పూను వెనుకవైపుతో గిన్నె గోడకేసి నలపండి. పసుపు పలుకులు మాయమై లేత పసుపు రంగు క్రీములా మారుతుంది. మయోనైజ్ రుచిలో పెద్దపాలు పచ్చసొనదే, అది ఇక్కడే ఉంది. మిగతా గుడ్లు ముక్కలు చేసి అందులో కలిపితే మయోనైజ్ ఏ మాత్రం అక్కర్లేదు. గుడ్లు పూర్తిగా చల్లారి ఉండాలి, పైన తడి తుడిచి ఉండాలి.

చికెన్, ట్యూనా సలాడ్: కొవ్వులేని మాంసం పొడిపొడిగా ఉంటుంది, మయోనైజ్ ఆ లోటు తీరుస్తుంది. 200 గ్రాముల చికెన్ తురుముకు 4 టేబుల్‌స్పూన్ల పెరుగు డ్రెస్సింగ్, 1 టీస్పూను నూనె, 1 టేబుల్‌స్పూను చికెన్ ఉడికిన నీళ్లు కలపండి. ఆ నీళ్లు, నూనె ముందు చికెన్‌కు పట్టించి పది నిమిషాలు ఆగాకే పెరుగు. లేదంటే పెరుగులోని తడిని చికెన్ లాగేసుకుని గంటలో అంతా ఎండినట్టవుతుంది.

శాండ్‌విచ్: మయోనైజ్ బ్రెడ్డు మీద నూనె పొరలా పరుచుకుని టమాటా నీటిని లోపలికి దిగనివ్వదు. పెరుగు తానే తడి. కాబట్టి వెంటనే తినేదైతేనే పెరుగు వాడండి, బ్రెడ్డు కాల్చి మరీ. డబ్బాలో పెట్టుకుని వెళ్లేదైతే గింజల ముద్దో అవకాడోనో రాసి, దాని మీద లెట్యూస్ ఆకు, ఆ పైన తుడిచిన టమాటా ముక్క పెట్టండి. కారం, ఘాటు చాలనుకుంటే మస్టర్డ్ ఒక్కటే పూసినా సరిపోతుంది, కొవ్వు నామమాత్రం. ఉప్పు మాత్రం అందులో బాగానే ఉంటుంది, గుర్తుంచుకోండి. బ్రెడ్డు బయటివైపు మయోనైజ్ రాసి పెనం మీద కాల్చే అలవాటుంటే అక్కడ పెరుగు పనికిరాదు. పాల చక్కెర మాడుతుంది, పెనానికి అంటుకుంటుంది. బ్రష్‌తో అర టీస్పూను నూనె పూయండి చాలు.

పొడి పట్టించి కాల్చే చేప, చికెన్: 300 గ్రాముల ముక్కలకు గట్టి పెరుగు 2 టేబుల్‌స్పూన్లు, మస్టర్డ్ 1 టీస్పూను కలిపి పల్చగా పూసి, బ్రెడ్ పొడిలో దొర్లించండి. బ్రెడ్ పొడికి ముందే 2 టీస్పూన్ల నూనె పట్టించి నలపాలి. మయోనైజ్ ఉంటే దాని నూనే పొడిని ఎర్రగా వేయిస్తుంది. ఇక్కడ ఆ నూనె లేదు కాబట్టి విడిగా ఇవ్వకపోతే పైపొర ఓవెన్‌లో ఎంతసేపున్నా తెల్లగా, పొడిపొడిగా ఉండిపోతుంది. 200 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో కాల్చండి.

వేడి వంటలు: సాస్‌లలో, పైన పూతగా వేసి ఓవెన్‌లో కాల్చేవాటిలో ఉడికించిన బేస్‌ను వాడితే ఏ చిక్కూ ఉండదు. పెరుగే వాడాలంటే కప్పు పెరుగుకు 1 టీస్పూను కార్న్‌ఫ్లోర్ ముందే కలిపి, వేడి సాస్‌లోంచి రెండు గరిటెలు పెరుగులో పోసి కలిపి, ఆ తర్వాతే గిన్నెలో పోయాలి. మంట సన్నగా ఉండాలి, మరగకూడదు. వేడి, పులుపు కలిసి పాల ప్రొటీన్లను గట్టిగా ముడిపెడితే పెరుగు విరిగి, తునకలు ఒకవైపు, నీరు ఒకవైపు అవుతాయి. ఒకసారి విరిగాక బాగుచేయలేం.

కేకులు: కొన్ని కేకుల్లో నూనెకు, గుడ్డుకు బదులుగా మయోనైజ్ వేస్తారు. ఒక కప్పు మయోనైజ్‌కు ముప్పావు కప్పు గట్టి పెరుగు, పావు కప్పు నూనె, ఒక గుడ్డు తీసుకోండి. నూనె పూర్తిగా తీసేస్తే మైదాలోని గ్లూటెన్ అనే సాగే ప్రొటీను తీగల్ని విడదీసేదేమీ ఉండదు, కేకు బిగుసుకుంటుంది. పెరుగు పులుపుకు తగ్గట్టు సోడా ఉందో లేదో చూడండి, ముప్పావు కప్పు పెరుగుకు పావు టీస్పూనుకు కొంచెం పైన ఉంటే చాలు. పిండి కలిపాక ఎక్కువసేపు తిప్పొద్దు.

కొనేటప్పుడు

‘ఎగ్‌లెస్’ అని ఉంటే గుడ్డు లేదనే అర్థం. నూనె అంతే ఉండొచ్చు, డబ్బా తిప్పి చూడండి. ‘ఆలివ్ ఆయిల్’ అని పెద్దక్షరాలతో ఉన్నదాంట్లోనూ జాబితాలో ఆలివ్ నూనె రెండోదో మూడోదో కావచ్చు. ‘లైట్’ రకాల్లో నూనె తగ్గించి నీరు, స్టార్చ్ వేస్తారు, రుచి నిలబెట్టడానికి కొన్నిట్లో చక్కెర, ఉప్పు పెంచుతారు. ఎప్పుడూ 100 గ్రాములకు లెక్కే పోల్చండి. ఒక్కో కంపెనీ వడ్డన పరిమాణం ఒక్కోలా రాస్తుంది. జీడిపప్పు సాస్, నువ్వుల ముద్ద పాలు వద్దనుకునేవాళ్లకు మంచివే గానీ, జీడిపప్పులో 44 శాతం, నువ్వుల ముద్దలో 50 శాతానికి పైగా కొవ్వు ఉంటుంది. నీళ్లతో పలచబరిచి, కొలిచి వాడితేనే లాభం. కొబ్బరి క్రీములోని కొవ్వు దాదాపు అంతా సంతృప్త కొవ్వే, దాన్ని ఈ జాబితాలో చేర్చలేం.

నిలవ

కొన్న మయోనైజ్ అంతకాలం చెడకుండా ఉండేది అందులోని పులుపు, ఉప్పు వల్లే. ఇంట్లో చేసిన ఈ బేస్‌లకు ఆ రక్షణ అంతగా ఉండదు. 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన సీసాలో ఉంచండి. సీసాలో ఎప్పుడూ పొడి స్పూనే పెట్టాలి, బ్రెడ్డుకు తగిలిన కత్తి మళ్లీ ముంచకూడదు. పెరుగుది 4 రోజులు, ఉడికించినది 5, టోఫూది, గింజలది 3 నుంచి 4 రోజులు. వీటితో చేసిన సలాడ్ బల్ల మీద 2 గంటలకు మించి ఉంటే, బాగా ఎండకాలమైతే గంటకు మించి ఉంటే, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకుండా పారేయండి. పచ్చి వెల్లుల్లి కలిపితే రెండో రోజుకు దాని ఘాటు మిగతావాటిని మింగేస్తుంది, అందుకే వెల్లుల్లి, కొత్తిమీర, ఉల్లికాడల వంటివి ఏ పూటకాపూట వాడేంత మేరకే కలుపుకోండి.